చెప్పులతో నడిచిన పంతులమ్మ

అబద్ధమాడుతున్నది మీరు. "ఇప్పుడెక్కడున్నాయండీ ఈ కులాల పట్టింపులన్నీ, మీలాంటివాళ్లు తవ్వి తీయడం తప్ప" అని నా ప్రతి వ్యాసం కింద రాస్తారు చూడండి, ఆ మీరే. పోయిన గురువారం పొద్దున మా పంతులమ్మ చనిపోయింది. జమ్మికుంటకు పత్తి బండ్లు పోయే దారిలో ఉన్న మా ఊళ్లో, మిషన్ బడిలో మూడు తరాలకు అక్షరాలు నేర్పిన మాదిగవాడ మనిషి. నేను కరీంనగర్ నుంచి వెళ్లేసరికి ఆమెకు ఇంకా తెల్లచీర కట్టనే లేదు, ఊరి పెద్దమనుషులు ముగ్గురు వాకిట్లో నిలబడి ఉన్నారు. పరామర్శకు కాదు. శవపెట్టె ఏ తొవ్వన పోవాలో చెప్పడానికి.

"పెద్దబజార్ల పెండ్లి పందిరి ఉన్నది. జర సమజ్ చేసుకోండ్రి. కాలువ తొవ్వన పట్టుకపోతే అందరికి మంచిగుంటది."

పోయిన నెల అదే బజారులో ఆ ముగ్గురిలో ఒకరింటి పెద్దాయన పాడె బ్యాండుమేళంతో పోయింది. అప్పుడూ ఒక వాకిట్లో పందిరి ఉంది. చావు అందరికీ ఒకటేనని మీరు రాస్తారు. మా ఊళ్లో చావు ఒకటే. తొవ్వలే రెండు.

ఈ తొవ్వ సంగతి అర్థం కావాలంటే చెప్పుల సంగతి చెప్పాలి. నాకు ఇరవై ఏళ్లున్నప్పుడు, మా మాదిగవాడ మనుషులెవరైనా పెద్దబజారు మూలమీది పిండిగిర్ని దగ్గరికి రాగానే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. బజారు దాటాక తొడుక్కోవాలి. ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ బజారు అరుగుల మీద కూర్చున్న పెద్దకులాలవాళ్ల చెప్పులు కుట్టింది మా తాతలు. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి, పరవాలేదు.

నేను అప్పటికే ఉపన్యాసాలిచ్చే రకం. కర్రలు పట్టాలన్నాను. చర్చి వెనుక వేపచెట్టు కింద పంతులమ్మ బడి నోటుబుక్కులు దిద్దుకుంటోంది. తలెత్తలేదు.

"కర్ర పట్టుకుంటే నువ్వు గెలుస్తవేమో కొడుకా. కని మీ అవ్వ ఇంట్లనే ఉంటది. కర్ర పట్టుడు పదిమందికే వస్తది. నడుసుడు అందరికి వస్తది. నాకు మీ అవ్వ నడువాలె."

నేను ఎన్నో చదివాను ఆ తర్వాత. అహింస గురించి లావుపాటి పుస్తకాలు చదివాను, కొన్నింటిని తిడుతూ రాశాను కూడా. ఎర్రసిరాతో తప్పులు దిద్దుతూ ఆమె అన్న ఆ నాలుగు మాటలు వాటిలో ఎక్కడా దొరకలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె క్లాసు మొదలయ్యేది. చర్చి వెనుక సుద్దముక్కతో రెండు గీతలు గీసేది. అది పెద్దబజారు. గీతలకు అటూ ఇటూ నిలబడ్డవాళ్లు తిట్టాలి. మధ్యలోవాళ్లు చెప్పులతో నడవాలి. మూడే సూత్రాలు: చెయ్యి లేవద్దు, నోరు లేవద్దు, చెప్పు ఊడద్దు. తిట్టడానికి మా పిల్లలు సిగ్గుపడితే ఆమె తానే మొదలుపెట్టేది.

"ఏందిరో, కాళ్లకు కొమ్ములు మొలిచినయా? మీ అయ్య గిట్లనే నడిచిండా?"

కీర్తనలు నేర్పే ఆ నోటి నుంచి అన్ని బూతులు వస్తాయని ఎవరనుకుంటారు! పక్కింటి ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నవ్వినా ఫెయిలే. మళ్లీ మొదటి నుంచి నడవాలి. నేను నాలుగు వారాలు ఫెయిలయ్యాను, నవ్వి కాదు, ఎదురుతిట్టి. "నీకు కోపం ఎక్కువున్నది, మంచిదే," అనేది. "పారబొయ్యకు. కాళ్లల్లకు దించు."

ఐదో వారం పదకొండు మందిమి బయల్దేరాం. ముందు నేను. గిర్ని మూల తిరిగాం. అరుగుల మీద ఒక్కసారిగా నవ్వు. ఎందుకో తెలియలేదు. కిందికి చూసుకున్నాను. నా చెప్పులు నా చేతిలో ఉన్నాయి.

ఎప్పుడు విడిచానో ఇప్పటికీ గుర్తు రాదు. నోరు పోరాటం నేర్చుకుంది, కాళ్లకు ఇంకా పాత పాఠమే కంఠతా ఉంది. "గిదేనా మీ పోరాటం!" అని గిర్ని యజమాని కొడుకు అరిచాడు. వాడిదీ నా ఈడే. వాడికీ ఎక్కాలు నేర్పింది ఆమే.

పంతులమ్మ నన్ను తిట్టలేదు. నవ్వలేదు. అందరికీ వినబడేలా, క్లాసులో చెప్పినట్టే చెప్పింది: "ఆగుండ్రి. మనోడు చెప్పులు తొడుక్కుంటుండు."

అందరూ ఆగారు. తొందరలో వేలు పట్టీలోకి దూరలేదు. ఆమె అరుగుల వైపు వీపు పెట్టి నాకు అడ్డంగా నిలబడింది. పేడముద్ద ఒకటి వచ్చి ఆ వీపున పడింది. ఆమె కదల్లేదు, తుడుచుకోలేదు. "నిమ్మలంగ," అంది నాకు. "తొందరేం లేదు." అంత భయం లేని ముఖాన్ని నేను మళ్లీ చూడలేదు. చాలామంది నాయకులతో తిరిగాను, చూడలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నడిచాం. ఎన్నాళ్లు నడవాలని అడిగితే "వాళ్లకు యాష్టకొచ్చెదాక, చూసి చూసి ఇసుగొచ్చెదాక" అంది. చివరికి ఒక ఆదివారం అరుగుల మీద ఎవరూ తలెత్తి చూడలేదు. మా అవ్వ ఆ రోజు కొత్త చెప్పులు తొడుక్కుని, కావాలని టపటపలాడిస్తూ నడిచింది.

బతికున్నవాళ్లకు బజారు దొరికింది. చచ్చినవాళ్లు మాత్రం కాలువ తొవ్వనే పోయారు. అడిగితే పంతులమ్మ అనేది: "అదొక్కటి మిగిలింది. నేను పోయినప్పుడు చూసుకుంటతీయ్."

గురువారం ఆ మాట గుర్తొచ్చే సమయానికి కుర్రాళ్లు కర్రలు తెచ్చారు. దాచను, నాకూ చేతులు దురద పెట్టాయి. ముదుసలి ఎల్లవ్వ గోడ పట్టుకుని లేచింది. "మూడు మాటలు మర్చిపోయిండ్రా? కర్రలు ఆడ పడేయుండ్రి." తర్వాత పంతులమ్మ చెప్పులు తెచ్చి పెట్టెలో ఆమె కాళ్లకు తొడిగింది.

"పెట్టెల చెప్పులేందవ్వా?" అన్నాడు పాస్టరయ్య.

"నడిచేటిది ఆమెనేనాయె, అయ్యా."

గిర్ని మూల దగ్గర తొవ్వకడ్డంగా ట్రాక్టరు పెట్టి ఉంది. పెట్టెను రెండు స్టూళ్ల మీద దించి, దాని చుట్టూ కూర్చున్నాం. మూడొందల కాళ్లు, అన్నిటికీ చెప్పులు. నినాదం లేదు. ఎండ నడినెత్తికొచ్చి, వాలింది. ట్రాక్టరు గిర్ని ఆయనదే, ఆనాడు "గిదేనా మీ పోరాటం" అని అరిచినవాడిదే. గడపలో నిలబడి చూస్తున్నాడు. చాలాసేపటికి ఎల్లవ్వ పలకరించింది.

"ఏం పటేలా, పదమూడో ఎక్కం కాడ ఏడుస్తుంటివట, పంతులమ్మ చెప్పేది. వచ్చిందా మల్ల?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. లోపలికి పోయి తాళంచెవితో వచ్చాడు. గడపలో చెప్పులు విడిచి, వట్టికాళ్లతో ట్రాక్టరెక్కి, వెనక్కి తీశాడు. పెట్టె దాటేదాకా ఆ వేడి మట్టిలో అలాగే నిలబడ్డాడు.

అలా నిలబడ్డ ఆయనను ఎవరో తీసిన ఫోటో మీ ఫోన్లలో ఉంది. "ఇదీ మార్పు" అని పంచుకుంటున్నారు. వద్దు. ఆయన చెప్పులు తానుగా విడిచాడు, అది మర్యాద. మా చేత విడిపించారు, అది నేరం. ఈ రెంటినీ ఒక్క ఫోటోలో కలిపి కళ్లు తుడుచుకోకండి. పైగా శుక్రవారమే ఆ పెద్దమనుషులు "ఈ ఒక్కసారికి పోనిచ్చినం" అన్నారు.

అందుకే అడుగుతున్నాను.

ఒకటి. మా ఊరి శవాలన్నీ పెద్దబజారు మీదుగానే పోతాయని గ్రామసభ తీర్మానం చేయాలి, చదివి వినిపించాలి.

రెండు. తొవ్వకు ఎవరు అడ్డం పెట్టినా కేసు పెట్టాలి. రాజీకి పిలవకూడదు.

మూడు. మీరు మీ ఊరికి వెళ్లి, ఎవరి శవం ఏ తొవ్వన పోతుందో చూసి రావాలి. చూసిందే రాయాలి.

నాలుగు. ఆ మూల దగ్గర ఎవరైనా చెప్పులు చేత పట్టుకుని నిలబడితే నవ్వకండి. తొడుక్కునేదాకా ఆగండి.