బరాతు బండికి ఇంజన్ వెతుకుతూ జనగామ నుంచి భూపాలపల్లి దాకా

మా అబ్బాయి శ్రీశైలం సొంత బండి కొన్నాడు! ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఈ సంతోషం రాయడానికి మాటలు చాలడం లేదు. పాతకాలపు స్పోర్ట్స్ కారును చూసి కొత్తగా తయారుచేసిన నకలు కారు. పైకప్పు ఉండదు, రెండే సీట్లు. మా జనగామలో పెళ్లికొడుకు ఊరేగే బరాతుకు ఇలాంటివాటికే గిరాకీ. రెండేళ్ల కింద వాడు నడుపుతున్న యజమాని కారు బరాతు మధ్యలో పొగలు కక్కింది. పెళ్లికొడుకు దిగి నడిచాడు, మావాడి నౌకరీ పోయింది, మళ్లీ ఎవరూ పిలవలేదు. ఈసారి ఇంజన్ మొరాయిస్తే వాడి పేరు ఇక లేవదు. అందుకే బండ్లు చూడటానికి ఇద్దరం కలిసి బయలుదేరాం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతోంది కదా, బంద్ లేని రోజు చూసుకోవాల్సి వచ్చింది.

ఉదయం ఆరింటి ప్యాసింజర్‌లో ఎక్కితే మహబూబాబాద్ చేరేసరికి తొమ్మిదయింది. ఇద్దరి టికెట్లకు యాభై రూపాయలు కూడా కాలేదు. అక్కడి అమ్మకందారు తాళం తిప్పగానే పెట్రోల్ ఇంజన్ పులిలా గర్జించింది. ఎర్రరంగు అద్దంలా మెరుస్తోంది. నేను అప్పుడే అడ్వాన్సుగా బయానా డబ్బు ఇవ్వబోయాను. శ్రీశైలం నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, బ్యాండు ఎనుక రెండు గంటలు నడకమీద పోతే వేడెక్కదా?"

"గిసొంటి బండిని నడిపిస్తరా తమ్మీ? ఉరికించాలె!"

"పెండ్లికొడుకును ఉరికిస్తే పిల్లనిస్తరా అన్నా?"

అతను నవ్వి, వేడెక్కుతుందేమోనని పది నిమిషాలకే ఇంజన్ ఆపేశాడు. నాకైతే ఆ నవ్వే చాలు, మావాడికి చాలలేదు.

వరంగల్‌లో బస్సు మారి, పరకాల మీదుగా మూడింటికి భూపాలపల్లిలో దిగాం. అక్కడ ఖాజా భాయ్ అనే ముసలి మెకానిక్ తాను అమ్మే అలాంటి నకలు కారులోనే పాత వ్యాన్ డీజిల్ ఇంజన్ బిగించాడు. ఇంజన్ మార్చిన సంగతి ఆర్సీలో ఎక్కించి ఉంది. శ్రీశైలం ఇంజన్ నంబరు సరిచూశాడు.

"ముందుగాలనే చెప్తున్న పెద్దన్నా, గిది ఉరకది. పెద్ద రేడియేటర్ పెట్టిన, అందుకే ముక్కు జర వికారమైంది," అన్నాడు ఖాజా భాయ్.

"మా ఇంట్ల అందరి ముక్కులు గంతే భాయ్!" అన్నాను.

చెల్పూర్ వైపు నడిపి చూద్దామని బయలుదేరాం. మావాడి పక్కన ఖాజా భాయ్, వెనుక పెళ్లికొడుకు కూర్చునే ఎత్తు పీట మీద నేను. కాస్త దూరం పోగానే దారినిండా జనం. ఉద్యమంలో ప్రాణం పోయిన ఓ యువకుడి సంతాపయాత్ర. ముందు ట్రాక్టర్ మీద అతని ఫొటో. నినాదాలు కూడా లేవు. నేను గబుక్కున దిగాను. ఖాజా భాయ్ బానెట్ మీది ప్లాస్టిక్ పూలదండలు తెంపి సీటు కింద పెట్టాడు. ఎవరినీ దాటకుండా మొదటి గేరులో వెనకే సాగాం.

కొంతసేపటికి ఒకామె రోడ్డు మీదే కూలబడింది. ఆ యువకుడి తల్లి అని పక్కవాళ్లు చెప్పారు. ఖాజా భాయ్ సీటు ఖాళీ చేశాడు.

"ఎక్కు అవ్వా," అన్నాడు శ్రీశైలం.

"గిది పెండ్లి బండి గదా బిడ్డా?"

"ఔనవ్వా. తప్పయితే మాఫ్ చెయ్యి."

"తప్పేముంది. మెల్లగ పోనియ్యి. ముంగట మావోడున్నడు."

గంటన్నర అలాగే నడిచింది. నేను, ఖాజా భాయ్ చెరోపక్క నడిచాం. వేడి చూపే సూది సగం దాటలేదని శ్రీశైలం తరువాత చెప్పాడు. నేను సూదిని చూడలేదు, వాడి ముఖమే చూస్తున్నాను.

ఆ సాయంత్రమే బయానా ఇచ్చాం, తరువాత మిగతా డబ్బు కట్టి బండిని ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు వీధిలో కనిపించిన ప్రతివాడినీ ఆపి మా బండి సంగతి చెప్తున్నాను, నా నోరు ఆగడం లేదు. అయినా ఆ తల్లి కూర్చున్న సీటులో నేను ఇంతవరకు కూర్చోలేదు. నా కొడుకు కళ్లముందు తిరుగుతుంటే ఇంత పొంగిపోవడానికి ఆమెను తలుచుకుని జంకుతాను. మీరూ ఇలాంటి కారు కొనబోతుంటే, అమ్మేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు మనిషి నడకతో నడపండి. ఇంజన్ ఎటువంటిదో, అమ్మే మనిషి ఎటువంటివాడో ఆ గంటలోనే తెలుస్తుంది.