ఏడో బ్లాకు జమ్మిచెట్లు: బిదా జాయద్ దాకా ఒక శుక్రవారం

ఈ మధ్య దుబాయ్ అల్ నహ్దాలో మా బిల్డింగువాళ్ళు కొందరు లీవా ఒయాసిస్సు వైపు వెళ్ళాలి, దారిలో ఏం చూడాలి అని నన్నడుగుతున్నారు. ఎడారిలో ప్రభుత్వం పెంచిన అడవులున్నాయట కదా, ఫోటోలు బాగా వస్తాయట కదా అంటారు. వస్తాయి. పచ్చగా ఉన్నదేదైనా ఫోటోలో బాగానే ఉంటుంది. ఆ దారిన నేను మొదటిసారి వెళ్ళింది ఎనభైల మొదట్లో, చలికాలంలో ఒక శుక్రవారం నాడు. ఫోటోల కోసం కాదు, సంచిలో ఒక ఆర్డరు కాగితం పెట్టుకుని వెళ్ళాను. ఏ దారిన వెళ్ళానో, ఎంత ఖర్చయిందో చెబుతాను. మిగతాది మీకు పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

అప్పట్లో నేను బర్ దుబాయ్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో టైపిస్టుని. అబుదాబికి పడమటి ఎడారిలో, సర్కారు భూముల్లో ఘాఫ్ చెట్లు నాటించడం మా కాంట్రాక్టరు పని. ఒంటెలు మేయగా, వంటచెరకుకు నరకగా బోసిపోయిన చోట్ల ఆ నేలలో పుట్టిన చెట్టునే మళ్ళీ పెంచాలని సర్కారు ఆలోచన. ఘాఫ్ అంటే ఏదో కొత్త చెట్టనుకోకండి. మన జమ్మే. దసరా నాడు ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటామే, ఆ జమ్మి. మా మేనమామ మల్లయ్య ఆ తోటలో కూలీ. ఏడో బ్లాకు మొత్తం ఆయన చేతికింద ఉండేది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఆయన బావి ఎండి, కళ్ళముందే వరసగా రెండు పంటలు మాడిపోతే, చేనులో బోరు వేయించుకోవాలని దుబాయ్ వచ్చాడు.

మామకు చదువు రాదు. క్యాంపులో ఎవరిచేతనో రాయించిన ఉత్తరాలు నెలకొకటి నాకు వచ్చేవి. ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట: "నా బ్లాకు అందరికంటె పచ్చగున్నది అల్లుడా, దినాం నీళ్ళు పెడుతున్న." నేను దాన్ని గదిలో అందరికీ చదివి వినిపించి మురిసిపోయేవాణ్ణి. అయితే ఘాఫ్ మొక్కలకు నీళ్ళు ముందు నాలుగు రోజులకొకసారి, తరువాత వారానికొకసారి తగ్గించాలన్న ఆర్డరు టైపు చేసింది కూడా నేనే. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడలేదంటే అబద్ధమవుతుంది. చూశాను. అక్కడ సూపర్‌వైజర్ ఉన్నాడు, ఇక్కడ ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, ఉన్నాడు, మధ్యలో నాకెందుకులే అనుకున్నాను.

ఆ చలికాలంలో ఇంకో ఆర్డరు టైపు చేశాను. తోటకు నీళ్ళిచ్చే బావుల్లో నీళ్ళు ఏటేటా అడుగుకు పోతున్నాయి కాబట్టి, మూడేళ్ళు నిండిన ఘాఫ్ బ్లాకులకు శనివారం పొద్దుటి నుంచి నీళ్ళు పూర్తిగా బంద్. ఎండాకాలం పోయాక తనిఖీ. ఎవరి బ్లాకులో సగానికి మించి మొక్కలు చస్తే వాళ్ళ వీసా మళ్ళీ పెంచరు. కూలీలందరికీ చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకురావాలి. ఎవరు వెళ్తారని ఇంజినీరు అడిగితే నేను వెళ్తానన్నాను. మామను చూసినట్టూ ఉంటుంది, ఆ వార్త పరాయివాడి నోట వినకుండానూ ఉంటాడు అనుకున్నాను.

ఉదయం ఐదింటికి బర్ దుబాయ్‌లో షేర్ టాక్సీ ఎక్కాను. అబుదాబికి మనిషికి ముప్ఫై దిర్హాములు. ఐదుగురు నిండేదాకా బండి కదలదు, కాబట్టి ఐదంటే ఐదుంపావు. ఏడున్నరకు అబుదాబిలో దిగి, బిదా జాయద్ వెళ్ళే ఇంకో టాక్సీ పట్టుకున్నాను. దానికి ఇరవై ఐదు. తరీఫ్ దాకా సముద్రం పక్కనే దారి. అక్కడొక మలయాళీ హోటల్లో పరోటా, పాలు లేని టీ, రెండూ కలిపి రెండు దిర్హాములు. అక్కణ్ణుంచి ఎడమకు తిరిగితే ఇసుక మొదలవుతుంది. ఇసుక మధ్యలో ఉన్నట్టుండి రోడ్డుకు రెండువైపులా గీత గీసినట్టు చెట్లు కనిపిస్తాయి. నేను అద్దం దించి చూస్తుంటే పెషావర్ డ్రైవర్ నవ్వాడు.

"క్యా దేఖ్తా హై భాయ్? యే సబ్ పైప్ కా జంగల్ హై. పైప్ బంద్, జంగల్ ఖలాస్."

నా సంచిలో ఏముందో తెలిసినట్టే మాట్లాడాడు. నేను అద్దం పైకెత్తి కళ్ళు మూసుకుని కూర్చున్నాను. పదింటికి బిదా జాయద్ చేరాం. తోటకు బస్సు లేదు, టాక్సీ రాదు. క్యాంపుకు తాగే నీళ్ళు తీసుకెళ్ళే ట్యాంకర్ దొరికితే అరగంటలో చేరతారు, లేదంటే మీ అదృష్టం. నాకు దొరికింది. ట్యాంకర్ వాడు డబ్బులు తీసుకోలేదు, మల్లయ్య అల్లుణ్ణంటే చాలన్నాడు.

మామ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎండకు నల్లబడ్డాడు కానీ ఒళ్ళు గట్టిపడింది. "ఎట్లున్నవ్ అల్లుడా, తిన్నవా?" అని అడిగాడే తప్ప జవాబు కోసం ఆగలేదు. సంచి కూడా దించనివ్వకుండా చెయ్యి పట్టుకుని ఏడో బ్లాకుకు తీసుకుపోయాడు. అబద్ధమెందుకు, చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. భుజం ఎత్తు మొక్కలు, లేత పచ్చ ఆకు, ఎక్కడా ఒక్కటి కూడా వడలలేదు. ప్రతి మొక్క చుట్టూ గుండ్రంగా పాదు. మన పెరట్లో దొండకూ బీరకూ చేస్తామే, అంత శ్రద్ధగా చేసిన పాదు. దారికి అవతల ఎనిమిదో బ్లాకు పఠాన్ గుల్ ఖాన్‌ది. అక్కడ మోకాలెత్తు పుల్లలు, పుల్లకు నాలుగు దుమ్ముకొట్టిన ఆకులు. బతికున్నాయో లేదో దగ్గరకెళ్ళి చూస్తే గానీ తెలియదు.

"రెండు బ్లాకులు ఒక్కనాడే నాటినం," అన్నాడు మామ. "వాడు నమాజ్ మంచిగ చేస్తడు గని సేద్యం రాదు వానికి."

నేను కిందికి చూశాను. నల్ల పైపుకు మొక్క దగ్గర చుక్కచుక్కగా నీళ్ళు పడే సన్న రంధ్రం ఉంటుంది. మామ మొక్కల దగ్గర అది చుక్కగా పడటం లేదు, ధారగా పోతోంది.

"ఇదేంది మామా?"

"మేకుతోని జెర పెద్దగ చేసిన. చుక్క చుక్క పడితె ఏం సరిపోతది?"

"నీళ్ళు తగ్గియ్యమని సూపర్‌వైజర్ చెప్పలేదా?"

"చెప్పిండు. నాకు సమజ్ అయింది కూడ." ఒక మొక్క కొమ్మను వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పాడు. "మన చేన్ల నీళ్ళు లేక మక్కజొన్న కండ్ల ముంగట ఎండింది. రెండేండ్లు అదే సూసిన. గీడ వాల్వ్ తిప్పితె నీళ్ళు. దూపతోని ఉన్న మొక్కను సూస్తు వాల్వ్ ఎట్ల బంద్ చెయ్యాలె, నువ్వే చెప్పు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా. "మనూళ్ళె జమ్మికి ఎవలన్న నీళ్ళు పోసిన్రా మామా? మొక్కేటప్పుడు జమ్మి అంటవ్, నీళ్ళు మాత్రం వరికి పెట్టినట్టు పెడితివి."

"గది దానంతటదే మొలిచింది," అన్నాడు నిదానంగా. "నాటిన దానికి నీళ్ళు పొయ్యాలె. పొయ్యకపోతె నాటినోనికి పాపం."

సంచిలోంచి కాగితం తీసి, రేపటి నుంచి నీళ్ళు బంద్ అని, ఎండాకాలం తరువాత తనిఖీ అని, సగం చస్తే వీసా పెంచరని ఉన్నదున్నట్టు చెప్పాను. మామ వెంటనే భయపడలేదు. తన మొక్కలవైపోసారి, గుల్ ఖాన్ పుల్లలవైపోసారి చూసి, "నాయి ఏం కావు. బలంగున్నయి. వానియే పోతయి పాపం," అన్నాడు.

అప్పటికే సూపర్‌వైజర్ ఉస్మాన్ మా దగ్గరకు వచ్చాడు. సూడాన్ మనిషి, వ్యవసాయం చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. జుమా నమాజుకు ఇంకా గంట టైముంది. ఆయన పార తెప్పించి, "తవ్వి చూడు మల్లయ్యా," అని హిందీలో చెప్పాడు. మామ మొక్క పక్కన మామే తవ్వాడు. జానెడు లోతు లేదు, వేళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. తడిసిన పై ఇసుకలో చాపలాగా అల్లుకుని, పాదు ఎంత వెడల్పుందో అంత మేరకే పరుచుకున్నాయి. మోచేతి లోతు తవ్వేసరికి పొడి ఇసుక వచ్చింది. అక్కడ వేరన్నది లేదు.

తరువాత దారి దాటి గుల్ ఖాన్ పుల్ల పక్కన తవ్వారు. గుల్ ఖాన్ కూడా వచ్చి ఇసుక తోడాడు. వేలంత లావు వేరొకటి తిన్నగా కిందికి పోతోంది. నడుము లోతు తవ్వారు. వేరు సన్నబడలేదు. ఇంకా తవ్వితే గోడలు కూలి ఇసుక మీదపడుతోందని ఉస్మాన్ ఆపమన్నాడు. పైన మోకాలెత్తు ఉన్న మొక్కకు కింద అంత వేరుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. దూప పుట్టిన మొక్క నీళ్ళు వెతుక్కుంటూ కిందికి పోతుంది. కడుపు నిండిన మొక్క వెతుక్కోదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ రెండు గోతులూ చూస్తే చాలు.

మామ రైతు. ఆయనకు నాకంటే ముందే తెలిసిపోయింది. గోతిలో దిగి గుల్ ఖాన్ మొక్క వేరును బొటనవేలితో తడిమి చూశాడు. తరువాత ఆ వేరుకు ఎండ తగలకుండా రెండు చేతులతో ఇసుక తోసి పూడ్చాడు.

"ఇప్పటి నుంచి కొద్దికొద్దిగ తగ్గిస్తె దిగుతయా సాబ్?" అని అడిగాడు.

ఏడాది ముందు మొదలుపెట్టి ఉంటే దిగేవి అన్నాడు ఉస్మాన్. కసురుకుని ఉంటే బాగుండేది. జాలిగా చెప్పాడు.

మామ నావైపు తిరిగాడు. "ఆ కాగితం నువ్వు టైపు గొట్టిందే గద అల్లుడా. మా బ్లాకు ఒక్కదానికి ఏడాది ఆగుమని రాసుకరారాదూ?"

నేను గుమాస్తాను మామా, రాసేవాళ్ళు వేరే ఉంటారు అన్నాను. నిజమే. కానీ ఏడాది కింద ఒక్క ఉత్తరం ముక్క, "రోజూ నీళ్ళు పెట్టకు మామా, తగ్గించమని ఆర్డరుంది," అని రాయడానికి ఏ ముదీర్ అనుమతీ అక్కర్లేదు. ఆ మాట ఆయన అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

నమాజు తరువాత క్యాంపు షెడ్డులో అందరికీ ఆర్డరు చదివి హిందీలో చెప్పాను. కొందరు సంతకాలు పెట్టారు. మామ వంతు వచ్చినప్పుడు ఇంకు పెట్టె నేనే పట్టుకున్నాను, వేలు నేనే ఒత్తించాను. ఇసుక తవ్విన వేలు, ముద్ర సరిగా పడలేదు. మళ్ళీ వేయించాల్సి వచ్చింది. తరువాత అన్నం, కోడికూర పెట్టాడు. కారం బాగా వేశాడు.

మూడింటికి ట్యాంకర్ తిరిగి వెళ్తుంటే ఎక్కాను. నన్ను పంపడానికి మామ గేటు దాకా రాలేదు. ఏడో బ్లాకు మొదట్లో వాల్వ్ దగ్గర ఉన్నాడు. రేపటి నుంచి కదా, ఈ ఒక్కరోజు పారనీ అని కేకేశాను. "ఇయ్యాల గూడ వద్దు," అన్నాడు. రెండు చేతులతో చక్రాన్ని చివరంటా తిప్పి, బిగిసిందో లేదో మరోసారి తిప్పి చూసుకున్నాడు. నేను రాత్రి ఎనిమిదికి బర్ దుబాయ్ చేరాను. రానూపోనూ ఖర్చు మొత్తం నూట ఇరవై దిర్హాములు దాటలేదు.

ఆ ఎండాకాలంలో ఏడో బ్లాకు ఎండిపోయింది. తనిఖీ రిపోర్టు కూడా నేనే టైపు చేశాను. మామ ఇంటికి వెళ్ళే ముందు ఒక పూట నా గదిలో ఉన్నాడు. బోరు సంగతి ఎత్తలేదు, వీసా సంగతి ఎత్తలేదు. "గుల్ ఖాన్ జమ్మి చిగురు పెట్టింది అల్లుడా, సూడ సక్కగున్నది," అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని మామను చూసి క్యాంపులో నవ్వారట. ఆయన చేసింది తప్పే. కానీ దూప అంటే ఏమిటో తెలిసినవాడు కాబట్టే ఆ తప్పు చేశాడు. నేను తెలిసీ నోరు మూసుకున్నాను, నాకేమీ కాలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మూట కట్టుకుని విమానమెక్కింది మాత్రం ఒక్కడే. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ రోడ్డు మీద పచ్చదనం కనపడితే మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. ఇప్పుడు సొంత కారులో దుబాయ్ నుంచి మూడు గంటలు చాలు, చలికాలంలోనే వెళ్ళండి, మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. దారిలో బండి ఆపినప్పుడు ఎండినట్టున్న ఘాఫ్ మొక్క కనిపిస్తే జాలిపడి సీసా వంచకండి. ఆ నీళ్ళు మీరే తాగండి.