మూడో కథకు నవ్వినవాళ్ళు

మనవాళ్ళ సంగతి నాకు కొత్తేమీ కాదు. పెళ్ళికి పిలిస్తే పప్పులో ఉప్పు తక్కువైందంటారు, చావుకు పిలిస్తే పంతులుగారికి మంత్రం సరిగ్గా రాదంటారు. అయినా సరే, ఇన్నేళ్ళ తర్వాత కూడా మా సినిమా మీద వచ్చిన ఆ అభిప్రాయాల పట్టిక గుర్తొచ్చిందంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వై టూ కే గండం గట్టెక్కి, సింగపూర్‌లో ఏ బ్లాకు కింద నిలబడ్డా ఒక తెలుగు ప్రోగ్రామర్ ఎదురయ్యే రోజులు. నేను పాసిర్ రిస్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. మా తెలుగు బృందానికి ఒక కార్యదర్శి ఉండేవాడు. ఓ పెద్ద బ్యాంకులో టెస్టింగ్ విభాగానికి లీడు. పులిహోర కలపాలన్నా ప్రాజెక్టు ప్లాన్ కావాలనే రకం. కాండో అపార్ట్‌మెంట్లలో పిల్లలు అక్టోబరు చివర్లో మాస్కులు తగిలించుకుని చాక్లెట్లకి తిరుగుతున్నారు కదా, మనమూ హాలోవీన్‌కి ఒక దయ్యాల సినిమా తీద్దాం అన్నది ఆయన బుర్రలో పుట్టిందే. నాలుగు చిన్న కథలు కలిపి ఒక సినిమా. తలా ఒకటి తీయాలి. కెమెరా మాత్రం ఒక్కటే, అదీ నాది. అందుకని ఎడిటింగ్ కూడా నా నెత్తినే పడింది.

ఖర్చు పెట్టే ఉద్దేశం ఎవరికీ లేదు. రక్తానికి రోజ్ సిరప్, పొగకి సాంబ్రాణి. ఆ సాంబ్రాణి పొగ కారిడార్ నిండా కమ్ముకుంటే పక్కింటి చైనా ఆంటీ తలుపు కొట్టి, "ప్రేయింగ్ ఆ?" అని అడిగి, మర్యాదగా తన చెప్పుల స్టాండు పక్కకి జరుపుకుంది. మొదటి కథలో లిఫ్టు ఆగకూడని అంతస్తులో ఆగుతుంది. రెండోదాంట్లో పదిమందికి పంపకపోతే ప్రాణం తీసే ఈమెయిల్. నాలుగోది గుమ్మడికాయ గురించి, దాని గురించి నేను మాట్లాడను. మూడోది నేను తీశాను. అది అచ్చంగా జరిగిన కథ.

ఆ కథ నాకిచ్చిన మనిషి బూన్ లే అవతల ఓ షిప్‌యార్డులో వెల్డరు. జగిత్యాల దగ్గర పల్లె. లిటిల్ ఇండియాలో తెలుగు వీసీడీలు అద్దెకిచ్చే కొట్టు దగ్గర ఆదివారాలు కనిపించేవాడు. అక్కడే పరిచయం. దయ్యాల సినిమా తీస్తున్నామంటే ముందు నవ్వాడు. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత చెప్పాడు.

"ఓడల ట్యాంకు ఉంటదన్నా. దాన్లకు దిగేటప్పుడు మూతికాడ బోర్డుకు మన పేరు బిళ్ళ తగిలియ్యాలె. పైకొచ్చినంక తీస్కోవాలె. బిళ్ళ ఉన్నదంటె మనిషి లోపలున్నట్టు లెక్క. మావోడు నిచ్చెన మీదికెల్లి జారి పడ్డడు. దవాఖానకు తీస్కపొయిన్రు, ఆన్నే పానం పోయింది. వాని బిళ్ళ మాత్రం మూడు దినాలు బోర్డుకే ఉన్నది. తీద్దామంటె ఎవ్వలికి చెయ్యి రాలె."

ఆ చనిపోయినతను, ఇతను ఒకే ఊరివాళ్ళు. ఒకే బడి, ఒకే ఏజెంటు, డార్మిటరీలో ఒకే మంచానికి కింద ఒకరు, పైన ఒకరు. డ్యూటీ దిగే వేళకి ట్యాంకు మూతి దగ్గర వాడి గొంతు వినిపిస్తుందని అక్కడ పనిచేసేవాళ్ళంతా అనుకునేవారట. ఆ గొంతు ఏమంటుందని అడిగాను. ఇతను తలవంచుకుని, తనది కాని ఒక సన్నటి గొంతుతో అన్నాడు.

"నా బిళ్ళ ఇంక ఆన్నే ఉన్నదే. ఎవలన్న తియ్యుండ్రే. ఇంటికి పోత."

నిజం చెప్పాలి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నా పెదాలు కూడా నవ్వుకి ఓ చివర కదిలాయి. వెంటనే సిగ్గేసింది. వేషం కూడా నువ్వే వెయ్యాలన్నాను. వాడి తీరుగా మాట్లాడటం వచ్చింది ఇతనొక్కడికే మరి. ఒప్పుకున్నాడు. "ఒక్కటే అన్నా," అన్నాడు. "ఎవ్వలు నవ్వద్దు. వాని ముచ్చట నలుగురు సప్పుడు జెయ్యకుంట ఇంటె నాకు అదే సాలు."

ఎవరూ నవ్వరని మాటిచ్చాను. పెద్ద పోటుగాణ్ణి కదా.

కారు పార్కింగ్ భవనం మెట్ల కింద, హెల్మెట్, మసి పట్టిన నీలం కవరాల్ పనిబట్టలతో ఒక్క టేకులో చేసేశాడు.  ఎక్కడా కత్తెర పెట్టకుండా సినిమాలో అలాగే ఉంచేశాను.

మొదటి ఆట హౌగాంగ్‌లో అద్దెకు తీసుకున్న హాల్లో, శనివారం మధ్యాహ్నం. ముందు వరసలన్నీ కమిటీవాళ్ళ బంధువులు టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఇక్కడి మాటలో చెప్పాలంటే చోప్ చేసి, ముందే ఆక్రమించేశారు. ఇతను ఓవర్‌టైము వదులుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీ ఇస్తానన్నా వద్దని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

లిఫ్టు కథకి పిల్లలు కేకలు పెట్టారు. ఈమెయిలు కథకి పెద్దలు తలలూపారు. మూడో కథ మొదలైంది. చీకట్లో హెల్మెట్ దీపం వెలిగింది, ఇతని మొహం కనిపించింది. "నా బిళ్ళ ఇంక ఆన్నే ఉన్నదే" అన్నాడు.

హాలు హాలంతా గొల్లుమంది.

ఎందుకు నవ్వారో నాకు తెలుసు, అదే నా బాధ. మన సినిమాల్లో ఆ తెలుగు ఎవరు మాట్లాడతారు? హీరో పక్కన తన్నులు తినే వెధవ మాట్లాడతాడు, లేకపోతే కత్తి పట్టుకున్న రౌడీ మాట్లాడతాడు. మనకి అలా మప్పారు. ఆ యాస చెవిన పడితే చాలు, చెబుతున్నది చావు కబురైనా సరే, మనవాళ్ళకి పళ్ళు బయటికొచ్చేస్తాయి. లోకంలో ఇంకెవరికీ సాధ్యం కాని ఘనకార్యమిది. నిచ్చెన మీంచి పడి చచ్చిన మనిషి వచ్చి నిలబడినా, ముందు ఏ జిల్లా అని చూసుకుంటాం. "ఇంటికి పోత" అన్నచోట ఎవడో ఈల కూడా వేశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. గోడ దగ్గర ఇతను లేడు.

సోమవారం ఉదయానికల్లా కార్యదర్శి అందరి అభిప్రాయాలూ కూడగట్టి ఎక్సెల్ పట్టికగా పంపాడు. టెస్టింగువాళ్ళు కదా, సినిమాకి కూడా బగ్గులు రాశారు. రెండో కథ, సమస్య: దయ్యం కాళ్ళకి స్పోర్ట్స్ షూలు. తీవ్రత: ఎక్కువ. మొదటి కథ, సమస్య: దయ్యం చేతికి వాచీ, అందులో టైము కథలో టైముతో కుదరడం లేదు. తీవ్రత: మధ్యస్థం. ఒక పిల్లవాడి మాటని వాళ్ళ నాన్న ఉన్నదున్నట్టు రాశాడు: "ఘోస్ట్ నాట్ స్కేరీ లా, అంకుల్." అదొక్కటే నిజాయితీగా ఉంది. ఆ పిల్లవాడి నోట్లో చక్కెర పోయాలి.

మూడో కథ దగ్గరికి వచ్చేసరికి పట్టిక ఆకుపచ్చ రంగులోకి మారింది, అంటే మెచ్చుకోళ్ళన్నమాట. "కామెడీ ట్రాక్ అదిరింది." "ఆ అబ్బాయెవరోగానీ పొట్ట చెక్కలైంది బాబూ." "ఇంకో పది నిమిషాలు పెంచితే బాగుండేది." ఒక్క అభిప్రాయం మాత్రం ఎర్రగా ఉంది: "దయ్యం చేత కాస్త మంచి తెలుగు మాట్లాడించాల్సింది."

మంచి తెలుగట, మంచి తెలుగు! వీళ్ళ పిల్లలకి అమ్మా అనడం రాదు, వీళ్ళొచ్చి చచ్చినవాడికి తెలుగు నేర్పుతారు. నా ఒళ్ళు భగ్గున మండింది. అది నిజంగా చనిపోయిన మనిషి మాట, నవ్విన ప్రతివాళ్ళూ సిగ్గుపడండి అని అందరికీ మెయిల్ కొట్టాను. పావుగంటలో కార్యదర్శి ఫోన్.

"బాస్, ఫీడ్‌బ్యాక్‌ని పర్సనల్‌గా తీసుకుంటే ఎలా? ఆడియన్స్ నవ్వారంటే అది మన ప్రోడక్టులో డిఫెక్టు."

"చచ్చిపోయినవాడి మాట డిఫెక్టా?"

"నేనలా అన్నానా? పైవారం ఆదివారం రెండో ఆట ఉంది కదా. ఆ కథ ఒక్కటీ మామూలు తెలుగులో డబ్బింగ్ చెప్పించేయండి, ఎవరూ నవ్వరు. సింపుల్."

"మీ సింపుల్ తీసుకెళ్ళి గుమ్మడికాయలో పెట్టుకోండి," అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం డార్మిటరీ దగ్గర బూత్ నుంచి ఇతను ఫోన్ చేశాడు. "నవ్విన్రు గదన్నా" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది! నేను ఆవేశంలో, ఆదివారం ఆటకి ఒక్కడు నవ్వడు, నాదీ పూచీ, మీవాళ్ళందరినీ వెంటబెట్టుకుని రా అన్నాను. సరేనన్నాడు.

పూచీ పడ్డాను సరే, ఎలా నిలబెట్టుకోవాలి? రెండువందల మంది నోళ్ళకి తాళాలు వేయగలనా? మూడు రోజులు ఆఫీసులో అందరిమీదా చిరాకుపడి, నాలుగో రోజు సెలవు పెట్టి, కార్యదర్శి చెప్పిన పనే చేశాను. బీరువా తలుపులు తెరిచి, మా ఆవిడ చీరల మధ్య మైకు పెట్టి, నా గోదావరి గొంతుని సాపు చేసుకుని చదివాను. "నా బిళ్ళ ఇంకా అక్కడే ఉంది. ఎవరైనా తీయండి. నేను ఇంటికి వెళ్తాను."

చప్పుడు రాకుండా ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ విన్న మా ఆవిడ, "బాగానే ఉంది, రేడియోలో వార్తల్లా," అంది. మళ్ళీ ఫ్యాను వేస్తూ, "అతనికి చెప్పారా?" అంది.

"వచ్చి చూసుకుంటాడులే. సంతోషిస్తాడు."

అబద్ధం. అడిగితే వద్దంటాడని నాకు తెలుసు. తెలిసే అడగలేదు.

ఆదివారం వాళ్ళు ఇరవైమంది దాకా వచ్చారు. బూన్ లే నుంచి ఈ చివరికి రైళ్ళు మారి, తలలకి నూనె రాసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. ఇతను వాళ్ళ మధ్యలో కూర్చున్నాడు. ఈసారి కూర్చున్నాడని నాకు కొండంత సంబరం.

మూడో కథ వచ్చింది. హాలంతా సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. "నేను ఇంటికి వెళ్తాను" దగ్గర ఎవరో ఆవిడ ముక్కు చీదుకోవడం స్పష్టంగా వినిపించింది. చచ్చారా వెధవల్లారా అని లోపల మీసం మెలేశాను. అప్పుడు ఆ ఇరవైమంది వైపు చూశాను. వాళ్ళు తెర చూడటం లేదు, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. అందులో ఒకతను ఆ నిశ్శబ్దంలో పైకే అడిగేశాడు: "గా గొంతెవలిదిరా?"

ఇతను ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

ఆట అయ్యాక జనం నా చెయ్యి పట్టుకుని ఊపారు. మొన్న ఈల వేసినవాడు కూడా గుండె పిండేశారన్నాడు. కార్యదర్శి భుజం తట్టి, "చూశారా బాస్, ఇష్యూ క్లోజ్డ్," అన్నాడు. వాళ్ళందరినీ విదిలించుకుని బయటికి పరిగెత్తాను. బస్టాపు దగ్గర ఇతను తనవాళ్ళకి కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు.

"మంచిగున్నదన్నా," అన్నాడు నేను అడక్కముందే. "ఎవ్వలు నవ్వలే."

నాకు ఊపిరి వచ్చింది.

"గని వాడు గాదన్నా అది," అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక ఖాళీ సీడీ తీశాడు. కొత్తది, ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. "మొన్నటిది దీన్ల ఎక్కియ్యన్నా. నవ్వితె నవ్వనీ. వాడు మాట్లాడినట్టు ఇంకేడ లేదు. ఇంటికి పంపుదమని."

మొదటి ఆట వేసిన టేపు మీదే రెండో ఆటది ఎక్కించాను. షూటింగు టేపు మీద మా పాప పుట్టినరోజు తీశాను. కంప్యూటర్లో చోటు చాలక మిగతాదంతా తుడిచేశాను. ఆ రోజుల్లో అందరం అలాగే చేసేవాళ్ళం. అది చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను.

"అంత తుడిసినవా?"

"అంతా."

సీడీని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బస్సు వచ్చింది, తనవాళ్ళు పిలుస్తున్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"సైన్మ ఎట్లున్నదని అందరినడిగిన్రట గదన్నా," అన్నాడు. "నన్నొక్క మాట అడగకపోతివి."