నన్నే సాహెబ్ కట్టిన తీగ

నన్నే సాహెబ్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు చక్రాలు పరీక్షించాడు. సుత్తితో ఒక్కటి కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పేవాడు. చూసిన ప్రతి చక్రం మీదా సుద్దముక్కతో తన పేరు రాసేవాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవడం చేతగాక సికింద్రాబాద్‌లోని మా ఫిజిక్స్ ల్యాబులో మెకానిక్కుగా చేరాడు. ఏడాదికోసారి రెన్యువల్ చేసే ఉద్యోగం. నేను, హిమజను, అక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాను. నా నోరు దురుసని ల్యాబులో అందరూ ఎరుగుదురు. ఆయన మీద మాత్రం అది లేచింది ఒక్కసారే.

నా పనేమిటంటే, మా మిషనులో గాలి తీసేసిన చిన్న గదిలో పట్టి ఉంచిన పరమాణువులను మైక్రోవేవ్‌లతో ఒకే లయలో ఊపడం. ప్రతి ఊపుకూ పరమాణువు ఒకేసారి రెండు దారులు పట్టి, తిరిగి కలుస్తుంది. ఆ దారులు ఒకదానికొకటి బలమిస్తే తెర మీద వెలుగు చార, చెరిపేసుకుంటే చీకటి చార. నాలుగేళ్లు చచ్చీచెడీ ఆ చారలు తెప్పించాను. దసరా దాటగానే అవి అలుక్కుపోయాయి.

నెల రోజులు అన్నీ విప్పి బిగించాను. చివరికి మా గైడు నరసరాజు సార్ తేల్చేశారు, మొదట కనబడ్డ చారలే ఏదో పొరపాటని, థీసిస్‌లోంచి తీసెయ్యమని. అవి తీసేస్తే ఇక మిగిలేది అట్టలే. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సిగ్గేముంది.

నన్నే సాహెబ్ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, చారలు ఏ రోజు నుంచి పోయాయని అడిగాడు. ఆయుధపూజ మర్నాటి నుంచి అన్నాను. ఆయన లేచి మిషను దగ్గరికి నడిచాడు. వర్క్‌షాపు అలవాటుకొద్దీ ఆ రోజు మిషనుకు బంతిపూల దండ కట్టింది ఆయనే. దారం జారుతుంటే ఇనుప తీగ చుట్టాడు. దండ తీసేశాడు గానీ, మిషను అడుగున తడిమితే వేలెడు తీగ ఇంకా అక్కడే ఉంది. దానికున్న కాస్త అయస్కాంత శక్తే పరమాణువులను తలో రకంగా ఊగిస్తోంది. తీగ తీశాం. సాయంత్రానికి చారలు వచ్చాయి.

ఆ తీగను జేబులో వేసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ నెలలోనే ఆయన రెన్యువల్. ఆయన సార్‌కు చెబుతానంటే, మీకేమన్నా పిచ్చా అని అరిచాను. ఆయన వినలేదు. తిన్నగా సార్ గదికి పోయి, తీగ బల్ల మీద పెట్టి, కట్టింది నేనే అన్నాడు. సార్ దాన్ని మళ్లీ పెట్టించారు. చారలు పోయాయి. తీయించారు. వచ్చాయి. అలా మూడుసార్లు చూశాకగానీ నా పాత చారలను నమ్మలేదు. రెన్యువల్ కాగితం మాత్రం సంతకం పడక సార్ బల్ల మీదే ఉండిపోయింది.

థీసిస్ చివర పొరపాట్ల అధ్యాయంలో తీగ సంగతి రాసి ఆయనకు చదివి వినిపించాను.

"కట్టిందెవరో రాసినవా బిడ్డా?"

"లేదు చాచా. రెన్యువల్ సుత ఇంక కాలే. ఎందుకు పరేషాన్?"

"రాయి. పేరు లేకుంటె రేపు చదివెటోళ్లు నమ్మరు. చక్రం మీద నేను ఉత్తగనే సుద్ద గీకలే."

పూర్తి పేరుతో రాశాను. థీసిస్ వైవా రోజున పరీక్షించడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన చారల మీద ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఆ పేజీ తెరిచి, ఈ నన్నే సాహెబ్‌ను ఒకసారి పిలవండి, చూడాలి అన్నాడు. నేను లేవబోతే, నరసరాజు సార్ నన్ను కూర్చోమని, తానే వెళ్లి వెంటబెట్టుకొచ్చారు.