వదిన కోసం బాగుచేసిన బండి

పోయిన ఆదివారం మలక్‌పేటలో మా అమ్మాయి వాళ్ల అపార్టుమెంటుకు వెళ్తే, కింద పార్కింగులో జనం గుమిగూడి ఉన్నారు. మూడో అంతస్తు ఆయన ఇల్లులాంటి వ్యాను కొత్తగా కొన్నాడట. మంచం, పొయ్యి, చిన్న సింకు, మడిచిపెట్టే బల్ల, అన్నీ అందులోనే. ఆయన ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తుంటే అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నా వంతు వచ్చి లోపలికి ఎక్కాక నేను మంచమూ చూడలేదు, పొయ్యీ చూడలేదు. చెయ్యి పైకెత్తి కప్పు మూలలో బొటనవేలితో గట్టిగా నొక్కాను. తర్వాత వంగి కిటికీ కింది రబ్బరును గోటితో గీరాను. ఆయన విస్తుపోయి, "ఏంటి ఆంటీ, మీకు వీటి సంగతి తెలుసా?" అన్నాడు. "కొద్దిగా" అన్నాను. మా అమ్మాయి నా ముఖం చూసి, ఇంకేమీ మాట్లాడనీయకుండా చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లింది.

అలాంటి బండి ఒకటి గౌలిపురలో మా పుట్టింటి ముందు పద్నాలుగు నెలలకు పైనే నిలబడింది. దాన్ని మా అన్న తన చేతులతో బాగుచేశాడు. అన్న బస్సుల గ్యారేజీలో బాడీ పని చేసి రిటైరైన మనిషి. రేకు వంచడం, రివెట్లు కొట్టడం, చెక్క కొలిచి కోయడం ఆయనకు అన్నం కలుపుకున్నంత తేలిక. మాట్లాడడమే కష్టం. పండక్కి చుట్టాలు వస్తే, ఎవరింట్లోనో కుళాయి కారుతోందని పనిముట్ల సంచీ తీసుకుని మాయమయ్యేవాడు. ఆ లోటంతా వదిన తీర్చేది. ఆమె మా ఇంటికి రెండు సందుల అవతల పాలవాళ్ల ఇంటి పిల్ల. వాళ్లింట్లో పదకొండు బర్రెలుండేవట. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అమ్మ పాలు కాస్తుంటే, వాసన చూసి అందులో ఎన్ని నీళ్లు కలిశాయో చెప్పి, పాలు పోసే ముసలాయనతో పెద్ద లొల్లి పెట్టించిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత సందులు ఇరుకైపోయి ఇళ్ల మీద ఇళ్లు లేచాయి. ఆమె తమ్ముడు బర్రెలను తోలుకుని రింగు రోడ్డు అవతల ఒక ఊరి పక్కకు వెళ్లిపోయాడు. నేను సర్కారు ఆఫీసులో పనిచేస్తూ, మావారు పోయాక పుట్టింటికే వచ్చి పై వాటాలో ఉండేదాన్ని. నాకు యాభై దాటినా వదిన నన్ను "పిల్లా" అనే పిలిచేది.

ఒక రోజు వదిన మెట్ల మీద జారిపడింది. వెన్నుకు ఆపరేషన్ అయ్యింది కానీ, ఆ తర్వాత ఆమె అరగంట మించి కూర్చోలేకపోయింది. ముందు గదిలో మూడేళ్లు మంచం మీదే ఉంది. పైన ఫ్యాను, ఎదురుగా క్యాలెండరు. ఆమె ఎప్పుడూ దేన్నీ గట్టిగా అడిగింది లేదు. ఒకసారి మాత్రం, "బర్రెలను ఒక్కపారి చూడబుద్ధి అయితుంది" అంది. ఆటోలో కూర్చోలేదు, కారులో కాళ్లు చాపుకోలేదు. అంబులెన్సు మాట్లాడతానని నేనంటే ఒప్పుకోలేదు. "గా బండిల పండి బర్రెల కాడికి పోతే, నన్ను చూసి మా తమ్ముడు గుండె ఆగి సస్తడు" అని నవ్వింది. ఇరవై రోజుల తర్వాత అన్న సందులోకి ఒక పాత వ్యాను నడుపుకుంటూ వచ్చాడు.

అది ఒకప్పుడు ఊరూరా తిరిగి పుస్తకాలిచ్చిన సంచార గ్రంథాలయం బండి. వేలంలో కొన్నాడు. పక్కన రాసిన పేరులో "థాలయం" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. తలుపు తీస్తే తడిసిన కాగితం వాసన, తుప్పు వాసన కలిసి గుప్పుమన్నాయి. రెండు వైపులా పుస్తకాల అరలు, నేల చెక్క మధ్యలో పుచ్చి రోడ్డు కనిపిస్తోంది. దాన్ని చూసి సందులో వాళ్లు నవ్వారు. మూడో రోజు ఎదురు సందులోని ఒక తాతగారు లావుపాటి డిటెక్టివ్ నవల పట్టుకుని వచ్చాడు. చిన్నప్పుడు తమ ఊళ్లో ఇలాంటి బండి దగ్గరే తీసుకున్నాడట, మళ్లీ ఆ బండి రాలేదట, ఇన్నేళ్లకు దొరికింది కదా అని ఇచ్చి వెళ్లాడు. అన్న తీసుకుని వదిన చేతిలో పెట్టాడు. వదిన దాన్ని రెండు రోజుల్లో చదివేసింది. తీరా చూస్తే చివరి నాలుగు పేజీలు లేవు. హంతకుడెవరో చెప్పమని అన్న ప్రాణం తీసింది. అన్న బాగా ఆలోచించి, "డ్రైవరే" అన్నాడు. ఆ కథలో డ్రైవరే లేడు. వదిన కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వడం అదే ఆఖరేమో, నాకు గుర్తులేదు.

పని మొదలైంది. అన్నిటికంటే పెద్ద తలనొప్పి కప్పు. వాన పడితే లోపల కారేది, కానీ ఎక్కడ కారుతుందో అక్కడ కన్నం ఉండేది కాదు. "నీళ్లు ముంగటికెంచి వచ్చి ఎనక పడ్తయి చెల్లె, నమ్మొద్దు" అనేవాడు అన్న. తాను నిచ్చెనెక్కి కప్పు మీద మగ్గుతో కొంచెం కొంచెం నీళ్లు పోసేవాడు. నేను లోపల టార్చి, సుద్దముక్క పట్టుకుని కూర్చుని, తడి కనిపించిన చోటల్లా గీత పెట్టేదాన్ని. ఆఫీసులో ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన చేతికి ఆ పని ఎంతో నచ్చింది. కప్పు అతుకుల్లో పూసిన పాత సీలెంటు అంతా గీకేశాడు. లోపలి చెక్క చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా ఊడి వచ్చింది. తుప్పు పట్టిన రేకును గరుకు కాగితంతో రుద్ది ఎర్ర ప్రైమరు వేశాడు. రివెట్లన్నీ మార్చాడు. వెల్డింగుకు బహదూర్‌పురా నుంచి ఒక భాయ్ వచ్చేవాడు, అన్నతో గ్యారేజీలో పనిచేసినవాడు. వదిన లోపల మంచం మీద నుంచే చప్పుళ్లను బట్టి పని చెప్పేది. "ఇయ్యాల రివెట్లు కొడ్తుండు. సుత్తె జారింది సూడు, వేలు గిట్ల నలిగిందేమో, అడుగు పిల్లా" అనేది. వెళ్లి చూస్తే అన్న నిజంగానే వేలు నోట్లో పెట్టుకుని ఉండేవాడు.

ఒక పక్క అరలు తీసేసి మంచం కట్టాడు. వదిన పడుకుంటే ఆమె కళ్లకు ఎంత ఎత్తులో కిటికీ రావాలో దారంతో కొలిచి, ఆ కొలత చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. సరిగ్గా అక్కడ రేకు కోసి అద్దం బిగించాడు. ఆరో నెలకే బండి వదినను తీసుకెళ్లేలా అయ్యింది. కానీ అన్నకు ఒక పరీక్ష ఉండేది. మంచం మీద గిలాసలో అంచుదాకా నీళ్లు పోసి పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి, బహదూర్‌పురా దాకా నడిపేవాడు. చుక్క కూడా ఒలకకూడదు. ఒలికితే ఆ కుదుపు ఆమె వెన్నుకు తగిలినట్టే లెక్క. మొదటిసారి జూ పార్కు దగ్గరి స్పీడు బ్రేకరు మీద గిలాస నా ఒళ్లోనే బోర్లా పడింది. పరుపు కింద రబ్బరు వేశాడు, చక్రాల మీద కుదుపు ఆపే కమాను పట్టీలు మార్చాడు, మంచాన్ని నాలుగు స్ప్రింగుల మీదికి ఎత్తాడు. గిలాస నిలబడింది కానీ నీళ్లు ఒలుకుతూనే ఉన్నాయి. వెల్డింగు భాయ్ ఒకరోజు తల కొట్టుకుని, "అరే సాబ్, ఈ రోడ్ల మీద కడుపుల తాగిన నీళ్లే నిలబడవు, గిలాసల ఏం నిలబడ్తయ్?" అన్నాడు. అన్న నవ్వలేదు. మళ్లీ బండి కిందికి దూరాడు.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం, ఎత్తు సరిపోయిందో లేదో చూడాలని వదినను దుప్పటితో పాటు ఎత్తి బండిలో పడుకోబెట్టాం. బండి ఇంటి ముందే నిలబడి ఉంది. వదిన తల పక్కకు తిప్పి కిటికీలోంచి సందును చూసింది. మూడేళ్లుగా మాటలే వింటున్న మనుషుల ముఖాలు చూసింది. "ఇస్త్రీ ఆయన జుట్టంతా నెరిసిపోయింది గదనే" అని ఆశ్చర్యపడింది. ఎవరో తల్లీకూతుళ్లు దెబ్బలాడుకుంటూ వెళ్తుంటే కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత అన్నతో, "మంచిగున్నది. ఇగ పోదాం నడువు" అంది. అన్న ఫ్యాను వైరు ఇంకా బిగించలేదని, పట్టుకారు తెస్తానని లోపలికి వెళ్లాడు. అప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లా, మీ అన్నకు నువ్వన్న చెప్పు. కారితే కారనియ్యమను, ఊగితే ఊగనియ్యమను. నేను నీళ్ల గిలాసను కాదు గదా. ఈ పనులన్ని ఆపి నన్ను ఒక్కపారి తోల్కపొమ్మను."

చెప్తానన్నాను. చెప్పలేదు. మర్నాడు చెబుదామని కిందికి వస్తే, అన్న బండిలో మోకాళ్ల మీద కూర్చుని ఫ్యాను బిగిస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. వదిన పడిపోయినప్పటి నుంచీ ఆయన నోట నేను పాట వినలేదు. ఆ పని ఆయనకు ఊపిరిలా ఉందనిపించింది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే ఉంది. మావారు పోయాక పొద్దున లేవడానికి నాకొక కారణం దొరికింది. ఇంకొక వారమే కదా అనుకున్నాను. తర్వాత వారం కర్టెన్లు, ఆ తర్వాత బ్యాటరీ. వానాకాలం రాగానే కప్పు వెనక మూలలో ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క కనిపించింది. అన్న కప్పు చెక్కంతా విప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజు వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

పద్నాలుగో నెలలో జోరువాన మూడు రోజులు విడవకుండా కురిసింది. ఎక్కడా తడి లేదు. అన్న కప్పంతా చేత్తో తడిమి, పొడి అరచెయ్యి తెచ్చి వదినకు చూపించాడు. "చుక్క లేదు. ఐతారం పోదాం" అన్నాడు. వదిన ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. అప్పటికే ఆమె ఒళ్లు వెచ్చగా ఉంది. వాన చలికి వచ్చిన జ్వరం అనుకున్నాం. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. గురువారం ఆస్పత్రికి తీసుకెళ్లాం, ఆమె వద్దన్న అంబులెన్సులోనే. శనివారం మధ్యాహ్నం పోయింది.

నెల మాసికం అయిన మర్నాడు పొద్దున అన్న పై వాటాకు వచ్చి, "చెల్లె, బర్రెల కాడికి పోదాం వస్తవా?" అన్నాడు. నేను ముందు సీట్లో కూర్చోబోతే వద్దన్నాడు. "ఎనక పండుకో. ఏమేం కనవడ్తున్నయో చెప్పు" అన్నాడు. నేను వదిన మంచం మీద పడుకున్నాను. ఎంత మెత్తగా కట్టాడో ఆ రోజు తెలిసింది, నా ఒంటికి ఒక్క కుదుపు తగల్లేదు. కిటికీలోంచి కనిపించిందల్లా గట్టిగా చెబుతూ పోయాను. పూలబండి పోతోంది అన్నా. స్కూటరు మీద నలుగురు అన్నా. చెరువులో గుర్రపుడెక్క, దాని మీద తెల్లకొంగలు. ప్రతిదానికీ అన్న ముందు నుంచి "ఊఁ" అన్నాడు. రింగు రోడ్డు దాటాక ఆ ఊఁ కూడా ఆగింది. నేను మాత్రం ఆపలేకపోయాను. కన్నీళ్లతో కిటికీ అలుక్కుపోయాక, కనిపించనివి కూడా చెప్పాను.

వదిన తమ్ముడు మమ్మల్ని చూసి పరుగెత్తుకుంటూ వచ్చి, వెనక తలుపు తీశాడు. మంచం మీద నుంచి లేస్తున్న నన్ను చూసి, ఒక్క క్షణం అక్కే అనుకున్నాడో ఏమో, తలుపు పట్టుకుని కూలబడ్డాడు. కాసేపటికి ఆయన కుడితి కలపడానికి పాకలోకి వెళ్లాడు. నేనూ అన్నా దడి దగ్గర నిలబడ్డాం. బర్రెలు తలెత్తి మమ్మల్ని చూసి మళ్లీ గడ్డిలో పడ్డాయి. ఇక దాచుకోలేక చెప్పాను.

"అన్నా, వదిన నాతోని ఒక మాట చెప్పింది. పనులన్ని ఆపి తోల్కపొమ్మను అన్నది. నేను నీకు చెప్పలే."

అన్న దడి కర్ర మీది బెరడు గోటితో గీకాడు.

"నాకు గూడ చెప్పింది" అన్నాడు. "మస్తు సార్లు చెప్పింది."

"మరేంది అన్నా?"

"ఆమెకు ఇదొక్కటే కోరిక ఉండె. చూసొచ్చినంక ఇంక దేని కోసం ఉంటది అని బుగులు పుట్టింది. పని ఉన్నన్ని దినాలు ఆమె ఉంటదనుకున్న చెల్లె." అంతవరకూ ఏడవని మనిషి, బర్రెల ముందు, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాడు.

బండిని అన్న మళ్లీ ఇంటికి తేలేదు. ఇద్దరం బస్సులో వచ్చాం. లోపల చుక్క పడదు కాబట్టి వదిన తమ్ముడు అందులో తవుడు బస్తాలు పెట్టుకుంటున్నాడు. ఆ పద్నాలుగు నెలలూ మా ముందు బోలెడంత కాలం ఉందనే అనుకుని, రేపు కాకపోతే ఎల్లుండి అంటూ గడిపాం. వదిన అడిగింది ఒక్క పూట. అది ఇవ్వడానికి మాకు ఆ కాలమంతా చాలలేదు.