మూడు వందల స్ప్రింగులు

మొగిలయ్య రోజూ పొద్దున షెడ్డు తాళం తీసి, ముందు లేతు మెషిన్‌కు, తర్వాత కంప్యూటర్‌కు అగరువత్తి చూపించేవాడు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, స్ప్రింగులు నాచారం అని ఇంగ్లిష్‌లో కొట్టేవాడు. తెర కాసేపు తెల్లగా ఊరుకునేది. అందరికన్నా పైన అతని పేరు వచ్చేది. దాని మీద నొక్కి, తన షెడ్డు ఫొటో ఒకసారి చూసుకుని, అప్పుడు లేచి పనిలో పడేవాడు.

జనగామ వైపు నుంచి నాచారం ఫ్యాక్టరీలో హెల్పర్‌గా వచ్చిన మనిషి. తీగ చుట్టడం అక్కడే నేర్చుకున్నాడు. మల్లాపూర్ దారిలో రేకుల షెడ్డు వేసుకుని, పంపులు చేసే ఒక్క కంపెనీకే పద్దెనిమిదేళ్లు స్ప్రింగులు చుట్టాడు. స్ప్రింగును చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో నొక్కి వదిలితే, అందులో నీరసం ఉందో లేదో ఆ చప్పుడులోనే అతనికి తెలిసిపోయేది. 2010లో ఆ కంపెనీ మూతపడింది. షెడ్డు బతకాలంటే ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో అతన్ని వెతుక్కుంటూ రావాలి.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మిఠాయి దుకాణం పైన రెండు గదుల్లో, భీమవరం నుంచి వచ్చిన రాఘవేంద్ర ఆన్‌లైన్ మార్కెటింగ్ ఆఫీసు నడిపేవాడు. వెబ్‌సైటు చేసిపెట్టి, మొగిలయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"సెర్చ్ ఇంజన్‌కి మీ స్ప్రింగు గట్టిదో కాదో తెలీదండి. ఎంతమంది మీ పేరు చెబుతున్నారనేదే చూస్తుంది. ఆ చెప్పడాన్నే లింకు అంటాం. అవి మేం కట్టిస్తాం."

మూడు నెలలకు మూడు వందల లింకులయ్యాయి. చూస్తానని మొగిలయ్య పట్టుబడితే రాఘవేంద్ర జాబితా తెరిచాడు. ఏదో చలిదేశంలో పిల్లుల్ని పెంచేవాళ్ల పేజీ. పెళ్లిపత్రికలు అమ్మే దుకాణం. సముద్రం గురించి రాసుకున్న ఒక టీచరమ్మ రాత. అన్నిటి కిందా ఒకటే మాట: చాలా బాగుంది, నాచారం స్ప్రింగులు కూడా చూడండి. ఆ మాటలన్నీ పక్కగదిలో ఇద్దరమ్మాయిలు పదింటి నుంచి ఆరింటి దాకా కూర్చుని, పేర్లు మార్చుకుంటూ రాసినవి. మొగిలయ్యకు ఆ సంగతి తట్టలేదు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఎక్కడో మంచు కురిసే ఊళ్లో, ఒళ్లో పిల్లిని పెట్టుకున్న మనిషి తన గురించి ఒక మంచిమాట చెప్పింది.

ఇంటికి వచ్చి భార్య సారలమ్మకు చెప్పాడు. మాట సాయం ఊరికే తీసుకోకూడదనుకున్నారు ఇద్దరూ. కరెంటు ఉన్న గంటల్లో నాలుగు రోజులు కూర్చుని, వేలి కణుపంత స్ప్రింగులు మూడు వందలు చుట్టాడు. ఆమె గుడ్డసంచి కుట్టింది. సంచి తీసుకెళ్లి రాఘవేంద్ర టేబుల్ మీద పెట్టాడు.

"మనం ఎర్క లేకున్నా మన గురించి మంచి చెప్పిన్రు సార్. తలా ఒకటి పంపుండ్రి. చేతుల పట్టుకుని సూస్తె వాళ్లకు గూడ నమ్మకం అయితది."

రాఘవేంద్ర నవ్వబోయి ఆగాడు. పంపిస్తానని చెప్పి సంచిని టేబుల్ కిందికి జరిపాడు.

కొన్ని నెలలు ఫోను మోగింది. కోయంబత్తూరు నుంచి బొమ్మలు చేసేవాళ్లు, రాజమండ్రి నుంచి తూకం మెషిన్ల వాళ్లు. 2012 ఎండాకాలంలో చెట్టు మీది నుంచి పిట్టలు లేచిపోయినట్టు ఫోన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మొగిలయ్య ముందు ఫోన్‌నే అనుమానించి బ్యాటరీ మార్పించాడు. చెల్లెలితో ఎక్కువసేపు మాట్లాడొద్దని సారలమ్మను కసిరాడు. తర్వాత బందులనీ, వారానికి మూడు రోజుల పవర్ హాలిడే అనీ తనకు తాను చెప్పుకున్నాడు. కంప్యూటర్‌ను మాత్రం అనుమానించలేదు. అందులో ప్రతి పొద్దునా అతనే మొదట ఉన్నాడు.

ఆ దసరాకు ముందు మల్లాపూర్‌లో పెద్ద యూనిట్ ఉన్న జనార్ధనరావు వచ్చాడు. మెషిన్లన్నీ తను తీసుకుంటాననీ, మొగిలయ్య ఫోర్‌మన్‌గా వస్తే చాలుననీ, పండుగలోపు మాట చెప్పమనీ అన్నాడు. సారలమ్మ ఒప్పుకొమ్మంది. మొగిలయ్య మెత్తగా కాదన్నాడు. దునియాలో మొదటి పేరున్నవాడు పోయి ఒకరి కింద చేరడమేమిటని భార్యతో అన్నాడు.

ఏడాది గడిచింది. తీగ చుట్టలకు తుప్పు పట్టింది. వానాకాలం ఒక సాయంత్రం అతనే జనార్ధనరావు దగ్గరికి వెళ్లాడు. అద్దాల గది అవతల కొత్త మెషిన్ మనిషి లేకుండా స్ప్రింగులు ఉమ్మేస్తోంది. ఫోర్‌మన్ అవసరం ఇప్పుడు లేదని జనార్ధనరావు నొచ్చుకుంటూనే చెప్పాడు. మొగిలయ్య లేచి, పోతూ పోతూ ఉండబట్టలేక అన్నాడు.

"ఏమన్నగాని సార్, ఇప్పటికీ నెట్ల మొదలు నా పేరే."

జనార్ధనరావు తన కంప్యూటర్‌లో కొట్టి తెర అతని వైపు తిప్పాడు. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. మొగిలయ్య వంగి, వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకున్నాడు. తొమ్మిదో పేజీ దాటాక జనార్ధనరావు తెర మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు.

"నువ్వు రోజు నీ దాంట్లనే సూస్తున్నవా, మొగిలన్నా?"

మొగిలయ్య బయటికి వచ్చి, వానలోనే ఉప్పల్ బస్సెక్కాడు. రాఘవేంద్ర ఆఫీసులో పక్కగది ఖాళీగా ఉంది. అతను తల దించుకుని చెప్పాడు. పోయినేడు సెర్చ్ రూల్స్ మారాయి. కట్టించిన లింకులున్న సైట్లన్నిటినీ అడుగుకు తొక్కేశారు. రోజూ ఒకే పేరు మీద నొక్కే మనిషి కంప్యూటర్ మాత్రం, అతనికి ఇష్టమని దాన్నే పైకి తెచ్చి చూపిస్తుంది.

"ఆ మూడు వందల మందీ మంచి చెప్పడం వల్లే మునిగామండి. చెబుదామనుకున్నాను. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటే ఉన్నామని సంతోషంగా అంటుంటే, నోరు రాలేదు."

టేబుల్ కింద వెతికి గుడ్డసంచి తీసి ఇచ్చాడు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

ఆ రాత్రి సారలమ్మ అడిగితే, వాళ్ల అడ్రసులు దొరకలేదట అని మాత్రం అన్నాడు. వారం తిరక్కుండానే లేతును తుక్కుకు మాట్లాడాడు.

తీసుకెళ్లే రోజు పొద్దున అలవాటుగానే షెడ్డు తెరిచి రెండిటికీ అగరువత్తి చూపించాడు. ఒక్క వేలితో కొట్టాడు. సారలమ్మ చాయ్ గ్లాసుతో వెనక నిలబడింది.

"అచ్చిందా?"

"అచ్చింది."

"మొదలేనా?"

"మొదలే."

ఆమె చాయ్ గ్లాసు అతని పక్కన పెట్టింది. బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. మొగిలయ్య సంచి ముడి విప్పి ఒక స్ప్రింగు తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని నొక్కి వదిలాడు. రెండేళ్లు చీకట్లో ఉన్నా, అందులో నీరసం లేదు. దాన్ని సంచిలో వేసి, మళ్లీ ముడి వేసి, లేతు బోల్టులు విప్పడానికి పానా తీసుకుని లేచాడు.