మా సంఘంలో మతిమరుపు లేదని చెప్పిన రోజులు

ఇరవయ్యేళ్ల వయసులో నాకొక సిద్ధాంతం ఉండేది. దేవుని వాక్యం కంఠస్థం చేసినవాళ్లకు ముసలితనంలో మతి పోదు. జనగామ మిషను బోర్డింగు బడి నుంచి తరిగొప్పుల దగ్గరి మా ఊరికి ఉపదేశిగా తిరిగొచ్చి, ఆదివారం సంఘానికీ, తక్కిన రోజుల్లో దొరికినవాళ్లకూ ఈ మాట చెప్పేవాణ్ణి. రుజువులూ చూపేవాణ్ణి. మా గూడెం ముసలివాళ్లు కీర్తనలు గడగడా అప్పజెప్పేవారు. రైతుల వాడలో ఒక తాత తన మడి ఏదో మరిచి పక్కవాడి మడికి నీళ్లు కట్టాడు. సావుకారి తండ్రి సొంత కోడల్ని ఎవరమ్మా నువ్వని అడుగుతుంటే వీధిలోకి వినిపించేది. సొమ్ము మీద ఆశ మెదడును తినేస్తుందని సావుకారి అరుగు కింద నిలబడి ఆయనకే బోధించాను. ఆయన పొగాకు కట్టలు సర్దుకుంటూ విన్నాడు. సత్యం తగిలిందనుకున్నాను.

నా సిద్ధాంతానికి మూలస్తంభం మా నాయనమ్మ. చదువు రాదు. విని నేర్చిన కీర్తనలు ఒక్క మాట జారకుండా చెప్పేది. కూరలో రెండోసారి ఉప్పు వేసినా, ఎప్పుడో పోయిన తాతకు కంచం పెట్టినా, నేను వెంటనే ఒక కీర్తన అడిగేవాణ్ణి. చెప్పేది. నా మనసు కుదుటపడేది. ఆ ఉప్పు కూరను నిశ్చింతగా తినేవాణ్ణి.

అప్పటికి నిజాం రాజ్యం పోయి మిలిటరీ వచ్చింది. కమ్యూనిస్టు దళాలు ఇంకా అడవిలోనే ఉన్నాయి. వాళ్లకు అన్నం మోస్తున్నారని అనుమానం వస్తే ఆడవాళ్లనైనా లారీ ఎక్కించి క్యాంపుకు తీసుకుపోయేవారు. పోయినవాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ సద్దిమూట కట్టుకుని అడవి దారి పట్టింది. ఊరి బయట సిపాయిలు ఆపి, ఈ అన్నం ఎవరికని అడిగితే, మానుకోట దిక్కున ఉన్న తన తల్లికని చెప్పిందట. ఆ తల్లి నేను పుట్టకముందే చనిపోయింది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి లారీ సిద్ధంగా ఉంది. అధికారి మాట మాకూ, మా మాట ఆయనకూ చెప్పడానికి ఉర్దూ వచ్చిన సావుకారిని పిలిపించారు. ముసలామెకు మతి లేదని మొత్తుకున్నాను. ఆ మాట నా నోట నాకే కొత్తగా వినిపించింది. అయితే ఏదైనా మాట్లాడించు, చూస్తానన్నాడు అధికారి. నాయనమ్మ నన్ను చూడగానే అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని, వచ్చినవాటిలో పొడుగాటి కీర్తన అందుకుంది. ప్రభువా, ఒక్క మాటైనా మరిచిపోనియ్యి అని ప్రార్థించాను. ప్రభువు వినలేదు. చివరిదాకా చెప్పి ఆమేన్ అంది.

అధికారి నవ్వాడు. ఇంత జ్ఞాపకం నాకే లేదు, ఎక్కించండి అన్నాడు.

సావుకారి నా వైపు తిరిగాడు. "ఏం పంతులూ, మీ సంఘపోల్లకు మతి పోదని నువ్వే అంటివి గద?"

"తప్పు చెప్పిన సావుకారీ."

నామీద కసి తీర్చుకోవడానికి ఆయనకు ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన మాత్రం అధికారికి తన తండ్రి సంగతి చెప్పాడు. ఎక్కాలన్నీ తప్పులేకుండా చెప్తాడట, వీధిలోకొస్తే ఇల్లు కనుక్కోలేడట. తర్వాత నాయనమ్మ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, పొద్దుగాల ఏం తిన్నవు?"

"యాడ తిన్న బిడ్డా, ఇంక పొయ్యే ముట్టియ్యలే." కొంగు మీద పప్పు మరక తడి ఆరలేదు.

"మరి గీ మూట ఎవలది?"

ఆమె తన చేతిలోని మూటను తిప్పి చూసి ఆయనకే ఇవ్వబోయింది. "నీదే గావొచ్చు. మరిచిపోయి పోతున్నవు, తీస్కో."

సావుకారి ఆ జవాబులు ఉర్దూలో చెప్పాక, అధికారి ఆమెను వదిలేసి లారీని పొమ్మన్నాడు.

"తలుపుకు బయట గొళ్లెం పెట్టియ్యి," అన్నాడు సావుకారి నాతో. "మేం గట్లనే జేస్తున్నం."

వాక్యం మీద నా నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాడవాడకూ నేను కట్టిన లెక్క మీద మాత్రం ఆ రోజే పోయింది. మతిమరుపును కప్పుకోవడానికి మాకు కీర్తనలున్నాయి, సావుకారి తండ్రికి ఎక్కాలున్నాయి. ఏదీ కంఠస్థం లేని రైతు తాత ఊరి నోట పడ్డాడు.

నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాను. దారిలో కీర్తనా అడగలేదు, బోధా చెయ్యలేదు. గూడెం దగ్గర పడ్డాక ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఎవల పిల్లగానివి బిడ్డా? మంచిగ తోల్కొస్తున్నవు."

"నీ మనుమణ్ణే అవ్వా."

"కాదు," అంది. "మా వాడు గింతసేపు నోరు మూసుకోని ఉండడు."